కాగితంలో రాయి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1981 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "జీవితంలో ఎదగడం ఎలా అనే విషయం మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి అన్నయ్యా" అన్నాడు. ఆ విషయం నాకు తెలియదు. ముప్పయ్యేళ్లకు పైగా నాకు బాగా తెలిసింది ఒక్కటే, బురద. పాత కాగితాన్ని కొత్త కాగితంగా మార్చే మిల్లులో చివరికి మిగిలిపోయే బూడిదరంగు బురద. "దాని గురించైతే మాట్లాడతాను" అన్నాను. కాసేపు అవతల నుంచి చప్పుడు లేదు. తర్వాత "సరే, మీ ఇష్టం" అన్నాడు. పాపం, పెద్దవాణ్నని ఊరుకున్నాడు.

అయితే ఈ బురద కథ మొదలైంది ఏ మిల్లులోనో కాదు, ఇదిగో, ఆ మూల ఉన్న సైన్సు గదిలో. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు సైన్సు మాస్టారు ముందురోజు సాయంత్రం సున్నం నీళ్లలో కలిపి పెట్టి, పొద్దున్నే పైన తేరిన సున్నపు తేటను సీసాల్లోకి వంచేవారు. బడిలో గాజు గొట్టాలు రెండే ఉండేవి. మిగిలినవాళ్లం బొప్పాయి ఆకు కాడలు తెంపుకొచ్చి వాటితో సున్నపు తేటలోకి ఊదేవాళ్లం. నీళ్లలా ఉన్న తేట పాలలా తెల్లబడేది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి మళ్లీ సున్నపురాయి అయిందని మాస్టారు చెప్పేవారు. మా బెంచీలో ఒకడు ఆపకుండా ఊదుతూనే ఉన్నాడు. కాసేపటికి ఆ తెలుపంతా మాయమై మళ్లీ నీళ్లలా అయిపోయింది. మేం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. "ఎందుకు పోయిందో రేపు చెప్పండి" అని వెళ్లిపోయారు. మర్నాడు ఎవరం చెప్పలేకపోయాం. ఎక్కువైన కార్బన్ డయాక్సైడ్ ఆ కాల్షియం కార్బొనేట్‌ను నీళ్లలో కరిగే బైకార్బొనేట్‌గా మార్చేస్తుందని ఆయనే చెప్పారు. ఇది గుర్తుపెట్టుకోండి, ఇరవై ఏళ్ల తర్వాత ఇదే తప్పు నేను చేశాను.

సున్నం సంగతి మన పల్నాటివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పిడుగురాళ్ల బట్టీల పొగ చూస్తూ పెరిగాం. రాయిని కాల్చితే సున్నం, సున్నానికి నీళ్లు పోస్తే కుతకుత ఉడికి పిండి, ఆ పిండి గోడకు కొడితే గాలి తగిలి మళ్లీ రాయి. పండగకి ఈ బడి గోడలకు మనమే సున్నం కొట్టాం. కానీ ఈ రాయి మన పుస్తకాల్లో కూడా ఉంటుందని మాత్రం నాకు ఉద్యోగంలో చేరేదాకా తెలియదు.

ఇది చాలామందికి వింతగా ఉంటుంది గనక కాస్త నిదానంగా చెబుతాను. కాగితం అంటే చెట్టు పీచు అనుకుంటాం. నిజమే, సగం నిజం. జెరాక్స్ తీసే తెల్లకాగితంలో సుమారు ఐదో వంతు రాతిపొడే. ఒక ఏ4 కాగితం బరువు నాలుగున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. దాన్ని పళ్లెంలో పెట్టి పూర్తిగా కాలిస్తే దాదాపు ఒక గ్రాము తెల్లటి బూడిద మిగులుతుంది. ఆ బూడిద పీచుది కాదు, రాయిది. ఐదువందల కాగితాల కట్ట కొంటే దాదాపు అరకిలో రాయి కొంటున్నట్టు. వారపత్రికల అట్టలకు, పెళ్లి శుభలేఖలకు వాడే నున్నటి ఆర్ట్ పేపరైతే మూడో వంతు నుంచి సగం దాకా రాయే. అందుకే అది చేతిలో అంత బరువుగా ఉంటుంది.

ఏ రాయి? మూడు రకాలు ముఖ్యం. ఒకటి సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్. రెండోది చైనా క్లే, పింగాణీ పాత్రలు చేసే తెల్లమట్టి. కేరళలోని తోన్నక్కల్ దగ్గర, కచ్‌లో తవ్వుతారు. మూడోది టాల్క్. దీన్నే మనం బలపపు రాయి అంటాం. ఒకటో తరగతిలో పలక మీద అ ఆ లు దిద్దిన బలపం, ఆ పలక వదిలి పట్టుకున్న నోటుపుస్తకంలో మళ్లీ పొడిగా ఉంది. ఇవి ఎందుకు కలుపుతారంటే, పీచుకంటే చవక, తెలుపునిస్తాయి, రెండోవైపు అక్షరాలు కనబడకుండా చేస్తాయి, పైన నున్నగా ఉంటుంది. మోసం ఏమీ కాదు. ఇవి లేకపోతే మంచి అచ్చు రాదు.

ఇంకొక చిన్న సంగతి. మా కాలంలో కాగితంలో సున్నపురాయి వాడేవాళ్లు కాదు. ఇంకు పీల్చకుండా ఉండటానికి రోజిన్, పటిక కలిపేవాళ్లు. పటిక పులుపు, సున్నపురాయి పులుపులో పొంగి కరిగిపోతుంది. ఆ పటిక పులుపు వల్లనే ఆనాటి కాగితం పసుపుపచ్చగా మారి పెళపెళ విరిగిపోతుంది. ఆఫీసు గదిలో మన పాత అడ్మిషన్ రిజిస్టర్లు ముట్టుకుంటే రాలిపోతున్నాయని హెడ్మాస్టారు ఇందాక బాధపడ్డారు, కారణం చాలావరకు అదే. 1990ల తర్వాత మన దేశంలో కూడా మిల్లులు క్రమంగా పటిక వదిలి పులుపు లేని పద్ధతికి మారాయి. అప్పుడు సున్నపురాయి కాగితంలోకి వచ్చింది. కాగితం ఆయుష్షు పెరిగింది. దాంతోపాటు మిల్లు వెనక కుప్పల్లోనూ సున్నపురాయి పెరిగింది.

ఇప్పుడు ఆ మిల్లు వెనక్కి రండి.

పాత కాగితాన్ని పెద్ద తొట్టిలో నీళ్లతో చిలుకుతారు. గుజ్జవుతుంది. పిన్నులు, ప్లాస్టిక్ ముక్కలు జల్లెడల్లో ఆగిపోతాయి. తర్వాత సబ్బు లాంటి మందు కలిపి కింది నుంచి గాలి బుడగలు వదులుతారు. ఇంకుకు నీళ్లంటే పడదు, బుడగనంటుకుని పైకి తేలుతుంది. నల్లటి నురగను పక్కకు తీసేస్తారు. అంతవరకు బాగుంది. కానీ ఇంకు ఒక్కటే పోదు. పొట్టిగా అరిగిపోయిన పీచు పోతుంది, రాతిపొడి పోతుంది. టిష్యూ కాగితం చేసే మిల్లయితే రాతిపొడిని కావాలనే కడిగేస్తారు, మూతి తుడుచుకునే కాగితంలో రాయి ఉంటే గరుగ్గా ఉంటుంది కదా. అలాంటి మిల్లు నూరు కిలోల ఆఫీసు కాగితం తీసుకుంటే తయారయ్యేది అరవై, డెబ్బై కిలోలు. మిగిలిన ముప్పై, నలభై కిలోలు బురద. ఆ బురదను పిండి ఎండబెడితే అందులో సుమారు సగం రాయి. ఎక్కడో కొండ తవ్వి, మెత్తగా విసిరి, లారీలెక్కించి, ఒక్కసారి పరీక్ష రాయించుకుని, గుంటలో పారబోస్తున్నామన్నమాట.

నేను 1988లో చేరిన మొదటి మిల్లు పేరు చెప్పను. అందులో షిఫ్టు కెమిస్టుని. బురద మిల్లు వెనక కుప్పలు పోసేవాళ్లం. కొంత గుడ్ల ట్రేలు చేసేవాళ్లు పట్టుకెళ్లేవాళ్లు, కొంత అట్టలు చేసేవాళ్లు, కొంత ఇటుకబట్టీలవాళ్లు. వానాకాలం వచ్చిందంటే ఎవరూ వచ్చేవాళ్లు కాదు. కుప్ప పెరిగేది. ఒక ఏడాది జడివానకు కుప్ప జారి కాలవలోకి, కాలవ నుంచి పక్క పొలంలోని వరి నారుమడిలోకి పోయింది. నాలుగు రోజుల తర్వాత ఆ రైతు గేటు దగ్గరికి వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. చేతిలో ఒక పెళ్ల ఉంది. ఎండిపోయి అట్టలా ఉంది, దాని కింద నారు మొక్కలు పచ్చరంగు పోయి పసుపుగా వేలాడుతున్నాయి. మేనేజర్ నన్ను పంపించాడు, చదువుకున్నవాణ్ని గదా, సర్దిచెప్పమని. నేను వెళ్లి, "ఇందులో విషం ఏమీ లేదు పెదనాన్నా, ఇది సున్నమే" అన్నాను.

"సున్నమే అయితే మీ ఇంటి గోడలకి కొట్టుకోండి బాబూ, నా మడికెందుకు?" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. పరిహారమని ఏదో కొద్దిగా ఇచ్చి పంపేశారు. ఆ రాత్రి షిఫ్టులో కూర్చుని ఆలోచిస్తే, నేను చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. విషం లేదు. కానీ ఆ బురదలో పీచు ఉంది. మట్టిలోని సూక్ష్మజీవులు ఆ పీచును తినడానికి నేలలో ఉన్న నత్రజనినంతా లాక్కుంటాయి. అప్పుడు నారుకు నత్రజని ఉండదు, పసుపుబారుతుంది. పైగా పీచూ మట్టీ కలిసి అట్టగట్టి నేలకు గాలి ఆడనివ్వదు. ఇది చదువుకున్నవాడిగా నేను ముందే చెప్పాల్సింది. మిల్లువాళ్లకు చెప్పాల్సింది, రైతుకు కాదు.

"మీ గోడలకి కొట్టుకోండి" అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకు కొట్టుకోలేం? పీచును కాల్చేస్తే మిగిలేది తెల్లటి రాయే కదా. దాన్నే మళ్లీ కాగితంలో వేసుకుంటే కుప్ప ఉండదు, కొత్త రాయి కొనక్కర్లేదు. ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను.

కొన్నేళ్ల తర్వాత, వేరే మిల్లులో కాస్త మాట చెల్లే ఉద్యోగం వచ్చాక ఆ పని మొదలుపెట్టాను. మిల్లులో ఉన్నది చిన్న మఫిల్ కొలిమి, గుప్పెడు బూడిద తప్ప రాదు. కాగితం యంత్రం మీద పరీక్షకు టన్నులు కావాలి. అప్పుడు మన ఊరి తెలివి పనిచేసింది. మా పెద్దబావకు పిడుగురాళ్లలో సున్నం బట్టీ ఉంది. ఎండబెట్టిన బురదను ఇటుకల్లా చేసి లారీలో వేసుకుని బావ దగ్గరికి పోయాను. రాయి కాల్చే చోట రాయిపొడి కాల్చలేమా అని.

కాలింది. బయటికి తీస్తే తెల్లగానే ఉంది, అక్కడక్కడ లేత బూడిదరంగు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మా బావ ఒక ఉండ తీసి, సున్నం చూసినట్టే, దాని మీద చెంబుడు నీళ్లు పోశాడు. చిట్లలేదు. కుతకుతలాడలేదు. ఊరికే తడిసింది. "ఏం బామ్మర్దీ, సున్నమన్నావు, నీళ్లు పోస్తే ఉడకట్లేదేంటి? ఇది చచ్చిన సున్నం" అన్నాడు. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఎమ్మెస్సీ చదివిన నేను ఆ మాట పట్టించుకోలేదు. సున్నం లేకపోతే ఇంకా మంచిదే, ఊరికే తెల్లపొడి అనుకున్నాను.

విసిరి, జల్లించి, కాగితం యంత్రంలో వేశాం. మొదటి రెండు షిఫ్టులు కాగితం బాగానే వచ్చింది. కాగితం గుజ్జు పరుచుకునే జాలీ ఒకటుంటుంది, మేం వైర్ అంటాం, సన్నటి ప్లాస్టిక్ నేత, పెద్ద తివాచీ అంత. మామూలుగా నెలలతరబడి వస్తుంది. మాది వారం తిరక్కుండా అరిగి చిల్లు పడింది. యంత్రం ఆపి, వైరు మార్చి, మళ్లీ ఎక్కించేసరికి ఒకటిన్నర రోజు ఉత్పత్తి పోయింది. మిషన్ మ్యాన్ నాకేసి చూసిన చూపు చెప్పలేను. ఆ తర్వాత ఏడాదిపాటు నేను ఏ కొత్త ప్రతిపాదన పెట్టినా "మళ్లీ ఇసుక పోస్తారా సార్?" అనేవాళ్లు.

అది ఇసుక లాంటిదే అయింది. ఎందుకయిందో తెలియడానికి నాకు చాలా చదవాల్సి వచ్చింది. ఇక్కడ కాస్త కెమిస్ట్రీ, పిల్లలు వింటున్నారు గనక చెబుతాను, పెద్దలు క్షమించాలి.

పీచు మూడు నాలుగు వందల డిగ్రీల దగ్గరే కాలిపోతుంది. చైనా క్లే ఐదారు వందల డిగ్రీల దగ్గర తనలో బంధించుకున్న నీటిని వదిలేసి మెటాకెయోలిన్ అనే చురుకైన పొడిగా మారుతుంది. ఇది సిమెంటులో సున్నంతో కలిసి గట్టిపడే గుణమున్న పదార్థం. సున్నపురాయి ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీలకు చేరేసరికి కార్బన్ డయాక్సైడ్ వదిలి పొడిసున్నం అవుతుంది. నూరు గ్రాముల రాయికి 56 గ్రాముల సున్నం, 44 గ్రాముల గ్యాసు, పదో తరగతి లెక్కే. ఇంతవరకు ఎవరి దారి వాళ్లది. ఇంకా వేడి పెంచితే మాత్రం పక్కపక్కనే ఉన్న సున్నం, మట్టి ఒకదాన్నొకటి పట్టుకుని గెహ్లెనైట్ అనే గట్టి ఖనిజంగా మారిపోతాయి. సున్నం అందులో ఇరుక్కుపోయింది గనకే నీళ్లు పోసినా ఉడకలేదు. బలపపు రాయి సంగతి ఇంకా విచిత్రం. గోటితో గీస్తే గీత పడే రాయి అది, లోకంలోని ఖనిజాల్లో అన్నిటికంటే మెత్తనిది. గట్టిగా కాలిస్తే ఎన్‌స్టటైట్ అవుతుంది, ఇనుప మేకుతో గీసినా సరిగ్గా గీత పడదు. బావ బట్టీ వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. నేను అక్కడ తెల్లపొడి చేయలేదు, గరుకు కాగితం మీద అంటించే పొడి చేశాను. "చచ్చిన సున్నం" అని ఒక్క చెంబు నీళ్లతో మా బావ తేల్చిన సంగతి, నాకు ఒక వైరు ఖర్చయితేగానీ తెలియలేదు.

అంటే ఈ విషయమంతా వేడిలోనే ఉంది. ఎంత వేడి, ఎంతసేపు. బురదను కాల్చడం ఎవరైనా చేస్తారు. రాయి చెడకుండా కాల్చడమే పని.

నేను తంటాలు పడుతున్న కాలంలోనే యూరప్‌లో వాళ్లు ఇదే దారిలో ముందుకు పోయారు. నెదర్లాండ్స్‌లో ఆర్న్‌హెమ్ ఊరి పక్కన డైవెన్ అనే చోట ఒక ప్లాంటు పెట్టారు. కింది నుంచి గాలి తోలితే వేడి పొర ఉడుకుతున్న అన్నంలా తేలియాడుతూ ఉంటుంది, బురద అందులో పడి సమంగా కాలుతుంది. ఎక్కడా అతివేడి తగలకుండా ఎనిమిది వందల లోపు ఆపుతారు. పీచే ఇంధనం. వచ్చిన పొడిని టాప్‌క్రీట్ అనే పేరుతో సిమెంటు, కాంక్రీటు పనులకు అమ్మారు. మాడ్రిడ్‌లోని ఎడువార్డో టొరోహా సంస్థలో శాస్త్రజ్ఞులు ఏడువందల డిగ్రీల దగ్గర రెండు గంటలు కాలిస్తే ఈ బురద సిమెంటులో కలపడానికి మంచి పదార్థం అవుతుందని చూపించారు. గమనించండి, వీళ్లెవరూ దాన్ని మళ్లీ కాగితంలో పెట్టాలని పట్టుబట్టలేదు. కాగితానికి కావాల్సింది తెలుపు, మెత్తదనం. సిమెంటుకు ఆ రెండూ అక్కర్లేదు. నాకు ఇది మొదట ఓటమిలా అనిపించింది. ఇప్పుడు అనిపించదు. కూతురు డాక్టరే కావాలని పట్టుబట్టే తండ్రిలా ఉండేవాణ్ని.

కాగితంలోకే తిరిగి తేవాలని చూసినవాళ్లు కూడా ఉన్నారు. ఇంగ్లండులో చైనా క్లే తవ్వే పెద్ద కంపెనీ ఒకటి 1990లలో ఒక ఉపాయం పేటెంటు చేసింది. మిల్లు నుంచి పోయే నీళ్లలో సన్నటి రాతిరేణువులు తేలుతూ ఉంటాయి, అవి వడగట్టినా దొరకవు. ఆ నీళ్లలో సున్నం కలిపి కార్బన్ డయాక్సైడ్ ఊదితే కొత్తగా పుట్టే సున్నపురాయి స్ఫటికాలు ఆ రేణువులను తమలో ఇరికించుకుని గుత్తులవుతాయి. అప్పుడు పట్టుకోవచ్చు, మళ్లీ కాగితంలో వాడుకోవచ్చు. చదవగానే నాకు సైన్సు గది, బొప్పాయి కాడ కళ్లముందు కదిలాయి. మాస్టారు చేయించిన ప్రయోగమే అది!

మేం కూడా చేశాం. ఈసారి బట్టీకి పోలేదు. తక్కువ వేడిలో కాల్చిన బూడిదను మెత్తగా నూరి, తడిసున్నంతో కలిపి, డ్రమ్ములో సిలిండరు గ్యాసు వదిలాం. గరుకు రేణువుల చుట్టూ మెత్తటి సున్నపురాయి పొర కడుతుందని ఆశ. మొదటిరోజు నేను ఉత్సాహంలో గ్యాసు ఆపడం మరిచిపోయి భోజనానికి వెళ్లాను. వచ్చి వడగడితే తూకం తక్కువ వచ్చింది. కొంత బైకార్బొనేటై నీళ్లలో పోయింది. మా బెంచీలోవాడు ఎనిమిదో తరగతిలో చేసిన పనే. ఆ తర్వాత పీహెచ్ మీటరు పెట్టుకుని ఎనిమిది దగ్గరికి రాగానే ఆపేవాళ్లం. వచ్చిన పొడి పాల తెలుపు కాదు, కొద్దిగా మసక. రాత కాగితానికి పనికిరాలేదు. కానీ పైన తెల్లగా, లోపల బూడిదరంగుగా ఉండే అట్టపెట్టెల అట్ట ఉంటుంది కదా, దాని లోపలి పొరలో వేస్తే పనికొచ్చింది. వైరు అరగలేదు. మిషన్ మ్యాన్ నా దగ్గరికి వచ్చి, "ఈసారి ఇసుక కాదు సార్" అన్నాడు. నాకు వచ్చిన ఏకైక అవార్డు అది.

మరి ఇంత బాగుంటే ఎందుకు అంతటా చేయట్లేదు అని అడుగుతారు. అడగాలి కూడా. జవాబు కెమిస్ట్రీలో లేదు, పిడుగురాళ్ల రోడ్డు మీద ఉంది. అక్కడ సున్నపురాయి లారీ ఎంతకొస్తుందో మీకు తెలుసు. రాయి చవక. బురదలో సగం నీళ్లు, దాన్ని ఆరబెట్టాలన్నా, లారీలో మోయాలన్నా నీళ్లకే డబ్బు కడుతున్నట్టు. డచ్చివాళ్లకు ఇది గిట్టింది వాళ్లు మనకంటే తెలివైనవాళ్లని కాదు. అక్కడ బురద పారబోయాలంటే టన్నుకింతని గట్టిగా డబ్బు కట్టాలి. మన దగ్గర కుప్ప పోయడం దాదాపు ఉచితం, వాన వస్తే కాలవే మోసుకుపోతుంది. పారబోయడం ఉచితంగా ఉన్నంతకాలం ఏ లెక్క వేసినా రాయి తిరిగి తీయడం నష్టమే వస్తుంది. ఆ రైతు మడి ఖరీదు ఆ లెక్కలో ఎవరూ వేయరు కాబట్టి. ఇది నా అభిప్రాయం, మిల్లు యజమానులైన మన పూర్వ విద్యార్థులు ఒకరిద్దరు ఇక్కడే ఉన్నారు, వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. భోజనాల దగ్గర పోట్లాడుకుందాం.

ఇప్పుడు మాత్రం ఒక మార్పు కనబడుతోంది, అది మన ప్రాంతానికి దగ్గరి సంగతి. సిమెంటులో క్లింకరు తగ్గించడానికి కాల్చిన మట్టి, సున్నపురాయి పొడి కలిపే కొత్తరకం సిమెంటును క్యూబా, స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు, మన ఐఐటీలవాళ్లు కలిసి అభివృద్ధి చేశారు. ఎల్‌సీ3 అంటారు. అందులో సగం క్లింకరు, ముప్పై పాళ్లు కాల్చిన మట్టి, పదిహేను పాళ్లు సున్నపురాయి, మిగతా ఐదు జిప్సం. 2023లో మన భారత ప్రమాణాల సంస్థ దీనికి ప్రమాణం కూడా ఇచ్చింది. ఇప్పుడు మన బురదలో ఏమున్నాయో గుర్తుచేసుకోండి. మట్టి, సున్నపురాయి. వాటిని కలిపి, విసిరి, ఒకచోట కుప్ప పోసి ఉంచాం, సరైన వేడి చూపించడమే మిగిలింది. మాచర్ల, దాచేపల్లి, జగ్గయ్యపేట, మట్టంపల్లి, ఎటు చూసినా సిమెంటు ఫ్యాక్టరీలే. పాత కాగితం మిల్లులు నలుమూలలా విసిరేసినట్టు చిన్నచిన్నవి. ఒక్కో మిల్లు ఒక్కో కొలిమి పెట్టుకోలేదు. నాలుగైదు మిల్లుల బురద ఒకచోట చేర్చి, వాటి పొగగొట్టం వేడితోనే ఆరబెట్టి, సిమెంటు ఫ్యాక్టరీ పక్కన కాల్చే ఏర్పాటు ఒకటి కావాలి. మన బ్యాచీల్లో సిమెంటులో పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఈరోజు ఇక్కడికి వచ్చింది నిజానికి వాళ్ల కోసం. నా దగ్గర పదేళ్ల పరీక్షల లెక్కలున్నాయి, ఏ మిల్లు బురదలో ఏ రాయి ఎంత, ఏ వేడిలో ఏమైందో. నాతోపాటు అవి అటకెక్కకూడదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పాత కాగితంతోపాటు ప్లాస్టిక్ వస్తుంది. ముఖ్యంగా లామినేషన్ చేసిన అట్టలు, పీవీసీ కవర్లు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, కొలిమికీ మంచిది కాదు, కాంక్రీటులోని ఇనుముకీ మంచిది కాదు. ప్లాస్టిక్‌ను గుజ్జు దగ్గరే ఆపాలి. ప్రతి లాటూ పరీక్షించాలి. బురద అంటే అంతా ఒకటే అనుకుని కలిపేస్తే నా వైరు గతే పడుతుంది, ఈసారి ఎవరి ఇంటి శ్లాబుకో.

అందుకే మన సావనీరు కమిటీని ఒక కోరిక కోరాను. ఆర్ట్ పేపరు, లామినేషన్ అట్ట వద్దు, మామూలు తెల్లకాగితం మీద వేయండి అని. ఫొటోలు కాస్త మసకగా వస్తాయి, మా జుట్టు నెరిసిన సంగతి కూడా కాస్త దాగుతుంది. ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు.

సైన్సు గదిలో మూడు సీసాలు పెట్టాను. మొదటిదాంట్లో మిల్లు నుంచి తెచ్చిన బురద, ఎండబెట్టింది. రెండోదాంట్లో మా బావ బట్టీలో కాలిన ఉండలు, ఇన్నేళ్లూ దాచాను. మూడోదాంట్లో తక్కువ వేడిలో కాల్చి, గ్యాసు ఊది చేసిన పొడి. పిల్లలు మూడింటినీ గాజుపలక మీద వేసి వేలితో రుద్ది చూడండి. ఏది గీత పెడుతుందో, ఏది పెట్టదో మీకే తెలుస్తుంది. పక్కన సున్నపు తేట కూడా ఉంది, నిన్న సాయంత్రం నేనే కలిపి పెట్టాను. గొట్టాలు సరిపోకపోతే బడి వెనక బొప్పాయి చెట్టు ఇంకా ఉంది, చూసుకొచ్చాను.